తీగలు తెగినా మాట తెగకూడదు



సముద్రం ఒడ్డున బతికేవాళ్లకు తుఫాను కొత్త కాదు. గాలి మళ్లితే చాలు, ఇంట్లో ముసలమ్మ పసిగడుతుంది. పశువుల కట్లు విప్పమంటుంది. బియ్యం మూట అటక మీదికి ఎక్కించమంటుంది. అగ్గిపెట్టె ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాస్తుంది. ఇదంతా ఎవరూ నేర్పనక్కర లేదు.

తుఫాను పోయిన తెల్లారి సంగతి వేరు. ఇంటి కప్పు ఉండదు. తాగే నీళ్లు ఉండవు. పసివాడికి పాలు ఉండవు. వీటన్నిటికీ సాయం కావాలి. సాయం రావాలంటే ముందు ఎవరికో తెలియాలి. "మేము ఇక్కడ చిక్కుకున్నాం, ఇంతమంది ఉన్నాం, ఇది కావాలి" అని చెప్పాలి. ఎలా చెప్పాలి? కరెంటు స్తంభాలు కూలాయి. ఫోను మూగపోయింది. రోడ్డుకు అడ్డంగా చెట్లు పడ్డాయి.

అలాంటి రోజున మాటను మోసుకుపోయే సాధనం ఒకటి ఉంది. దాని పేరు హామ్ రేడియో. ఈ ప్రసంగం దాని గురించి.

మాట అందని రోజు

1977 నవంబరు 19. కృష్ణా జిల్లా దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రపు నీరు మనిషికి మూడు రెట్ల ఎత్తున లేచి ఊళ్ల మీదికి వచ్చింది. సుమారు 10,000 మంది చనిపోయారు. పశువులకు లెక్క లేదు.

ఆ రోజుల్లో పల్లెల్లో ఫోను ఎక్కడో ఒక చోట ఉండేది. టెలిగ్రాం వెళ్లాలన్నా తీగ మీదే వెళ్లాలి. గాలికి స్తంభాలు పడిపోయాయి. తీగలు తెగిపోయాయి. రోడ్లు నీళ్లలో మునిగాయి. దివిసీమలో ఎంత ఘోరం జరిగిందో బయటివాళ్లకు వెంటనే తెలియలేదు. తెలిసేసరికి విలువైన సమయం పోయింది.

గాయపడినవాళ్లకు గంటలే లెక్క. నీళ్లు లేని పసిబిడ్డకు కూడా గంటలే లెక్క. వార్త ఒక రోజు ఆలస్యం అయితే సాయం కూడా అంత ఆలస్యం అవుతుంది.

చేతిలో సెల్లు ఉందిగా?

"అప్పుడంటే ఫోన్లు లేవు. ఇప్పుడు ఇంటింటికీ సెల్లు ఉందిగా!" అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట సగమే నిజం.

సెల్లు తనంతట తాను మాట్లాడదు. దాని మాట దగ్గర్లోని టవరుకు పోతుంది. టవరు నుంచి తీగల మీదో, ఇంకో టవరు మీదో ముందుకు పోతుంది. టవరుకు కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ మీద కొన్ని గంటలు నడుస్తుంది. తర్వాత జనరేటరుకు డీజిల్ కావాలి. రోడ్డు తెగితే డీజిల్ రాదు. టవరే వంగిపోతే ఇక చెప్పేదేముంది?

2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర హుద్ హుద్ తుఫాను తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి వీచింది. అంత పెద్ద నగరం చీకటైపోయింది. చాలామంది ఫోన్లు పనిచేయలేదు. పక్క వీధిలో ఉన్న తల్లి క్షేమమో కాదో కూతురికి తెలియలేదు. ఊరంతా సెల్లులున్నా మాట ఆగిపోయింది.

అప్పుడు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నుంచి హామ్ బృందాలు ఉత్తరాంధ్రకు వచ్చాయి. తమ రేడియోలతో అధికారుల మాటలు అటూ ఇటూ చేరవేశాయి.

హామ్‌లు అంటే ఎవరు?

హామ్‌లు సర్కారు ఉద్యోగులు కారు. వాళ్లలో మాస్టార్లు ఉంటారు. కాలేజీ పిల్లలు ఉంటారు. షాపు నడిపేవాళ్లు, రిటైరైనవాళ్లు, ఇల్లాళ్లు కూడా ఉంటారు. రేడియో మీద ఇష్టంతో నేర్చుకుంటారు. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుంటారు. మామూలు రోజుల్లో దేశదేశాల్లో ఉన్న తోటి హామ్‌లతో మాట్లాడుకుంటారు. ఆపద వస్తే అదే రేడియోతో జనానికి సాయం చేస్తారు. అందుకు డబ్బు తీసుకోరు. తీసుకోవడానికి రూలు కూడా ఒప్పుకోదు.

ప్రతి హామ్‌కూ ఒక గుర్తు ఉంటుంది. బస్సుకు నెంబరు ఉన్నట్టే. మన దేశపు హామ్‌ల గుర్తులు సాధారణంగా 'వి.యు.' అనే అక్షరాలతో మొదలవుతాయి. గాలిలో మాట్లాడేటప్పుడు ఆ గుర్తు చెప్పి తీరాలి. కాబట్టి ఎవరు మాట్లాడారో, ఆ మాటకు ఎవరు బాధ్యులో తెలిసిపోతుంది.

ప్రధానమంత్రిగా పనిచేసిన రాజీవ్ గాంధీ కూడా హామే.

అది ఎలా పనిచేస్తుంది?

ఇంట్లో ఉండే ట్రాన్సిస్టరు రేడియో వినడానికే పనికొస్తుంది. దానికి మనం ఏమీ చెప్పలేం. హామ్ సెట్టు వింటుంది, మాట్లాడుతుంది కూడా. ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకు మాట గాలిలోనే పోతుంది. నడుమ తీగ అక్కర లేదు. సెల్లు టవరూ అక్కర లేదు.

పెద్ద సెట్టు ఒక చిన్న ట్రంకు పెట్టెలో పడుతుంది. కారు బ్యాటరీ ఉంటే నడుస్తుంది. పొడుగాటి తీగ ఒకటి రెండు చెట్ల మధ్య కడతారు. దాన్ని ఏరియల్ అంటారు. అంతే, స్టేషను తయారు.

అంత దూరం మాట ఎలా పోతుంది? ఒక గది అనుకోండి. బంతిని పైకప్పు మీదికి ఏటవాలుగా విసరండి. అది కప్పుకు తగిలి అవతలి మూలన పడుతుంది. ఆకాశంలో చాలా ఎత్తున అలాంటి ఒక పొర ఉంది. కొన్ని రకాల రేడియో తరంగాలు ఆ పొరకు తగిలి తిరిగి నేల మీదికి వస్తాయి. అందుకే ఒక చెట్టు కింద కూర్చుని మాట్లాడిన మాట వందల మైళ్ల అవతల వినపడుతుంది.

చేతిలో పట్టుకునే చిన్న సెట్లు కూడా ఉన్నాయి. వాటి మాట కొద్ది మైళ్లే పోతుంది. మేడ మీదో, కొండ మీదో నిలబడి మాట్లాడితే ఇంకొంచెం దూరం పోతుంది.

ఒడిశాలో ఏం జరిగింది?

1999 అక్టోబరు 29న ఒడిశాలో పారాదీప్ దగ్గర మహా తుఫాను తీరం దాటింది. గంటకు 250 కిలోమీటర్లకు పైగా గాలి. వెనకే ఉప్పెన. సుమారు 10,000 మంది చనిపోయారు. జగత్‌సింగ్‌పూర్ జిల్లాలో ఎక్కువ నష్టం జరిగింది. కరెంటు, ఫోను, రోడ్డు, రైలు అన్నీ దెబ్బతిన్నాయి. రాజధాని భువనేశ్వర్‌కే బయటి ప్రపంచంతో సంబంధం తెగింది. జిల్లాల్లో ఏం జరుగుతోందో రాజధానికి తెలియదు. రాజధాని ఏం పంపుతోందో జిల్లాలకు తెలియదు.

అప్పుడు వేరే రాష్ట్రాల నుంచి హామ్‌లు బయలుదేరారు. సెట్లు, బ్యాటరీలు, తీగలు మోసుకుని వెళ్లారు. దెబ్బతిన్న చోట్ల స్టేషన్లు పెట్టారు. ఏ ఊళ్లో మందులు లేవు, ఎక్కడ నీళ్లు లేవు, ఏ దారిన లారీ పోతుంది అనే మాటలు వాళ్ల రేడియోల మీద నడిచాయి.

ఆ తర్వాత ఒడిశా పాఠం నేర్చుకుంది. తుఫాను షెల్టర్లు కట్టింది. ఊరూరా జనానికి తర్ఫీదు ఇచ్చింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అదీ చాలా బలమైన తుఫానే. ఈసారి ముందే మాట అందింది. సుమారు 10 లక్షల మందిని ముందుగానే తరలించారు. చనిపోయినవారి సంఖ్య వందలోపే ఉంది. 10,000 ఎక్కడ, వంద ఎక్కడ! వేళకు అందిన మాటకు అంత బలం ఉంది.

అండమాన్‌లో ఒక ఇల్లాలు

ఇది తుఫాను కథ కాదు, సునామీ కథ. మాట తెగిపోవడం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

భారతీ ప్రసాద్ ఢిల్లీలో ఉండే ఇల్లాలు. చాలా ఏళ్ల క్రితమే హామ్ లైసెన్సు తీసుకుంది. 2004 డిసెంబరులో తోటి హామ్‌లతో కలిసి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. ఆ దీవుల నుంచి హామ్ రేడియోలో మాట్లాడడానికి ప్రభుత్వం అరుదుగా అనుమతి ఇచ్చేది. అందుకని ప్రపంచంలోని హామ్‌లందరూ ఆ దీవుల నుంచి వచ్చే పిలుపు కోసం చెవులు రిక్కించి ఉన్నారు. అది సరదా ప్రయాణమే.

డిసెంబరు 26 తెల్లవారింది. భూమి కదిలింది. తర్వాత సముద్రం లేచి వచ్చింది. దీవులకూ దేశానికీ మధ్య మాట తెగిపోయింది. భారతి సరదా పక్కన పెట్టింది. అదే సెట్టును ఆపద పనికి వాడింది. ఆమె బృందం రేయింబవళ్లు పనిచేసింది. "నా కొడుకు అక్కడ పనిచేస్తున్నాడు, బతికున్నాడా?" అని ఇక్కడివాళ్లు అడిగేవాళ్లు. "క్షేమంగా ఉన్నాడు" అనే మాట అక్కడి నుంచి వచ్చేది. బాగా దెబ్బతిన్న కార్ నికోబార్ దీవికి కూడా హామ్‌లు వెళ్లి స్టేషను పెట్టారు.

అండమాన్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు ఎందరో. ఆ రోజుల్లో "క్షేమం" అనే ఒక్క మాట కోసం ఇక్కడ ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగి ఉండదో ఊహించుకోవచ్చు.

సందేశం నడిచే తీరు

హామ్ రేడియోలో అందరూ ఒకేసారి మాట్లాడితే ఏమీ వినపడదు. కుళాయి దగ్గర బిందెల గొడవలా ఉంటుంది. అందుకని ఒకరు పెద్దగా ఉంటారు. ఆయనో, ఆమెనో పిలిస్తేనే మిగతావాళ్లు మాట్లాడాలి. ఒకరు చెప్పడం అయ్యాక 'ఓవర్' అంటారు. "నాది అయింది, ఇక నువ్వు చెప్పు" అని దాని అర్థం.

ముందు ప్రాణాపాయం ఉన్న సందేశాలు వెళతాయి. తర్వాత అన్నం, నీళ్లు, మందుల సందేశాలు. ఆ తర్వాత క్షేమ సమాచారాలు. ఎంత పెద్ద మనిషి సందేశమైనా వరస ఇదే.

విన్నవాళ్లు సందేశాన్ని కాగితం మీద రాసుకుంటారు. రాసుకున్నది తిరిగి చదివి వినిపిస్తారు. "పదిహేను" అంటే "పదహారు" అని వినపడవచ్చు. అందుకని అంకెలు విడివిడిగా చెబుతారు: "ఒకటి, ఐదు." పేరు స్పష్టంగా లేకపోతే ఒక్కో అక్షరం చెబుతారు. ఎప్పుడు, ఎవరితో మాట్లాడారో పుస్తకంలో రాస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకు? కొత్తపాలెం అనే ఊళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. మండలం పేరు చెప్పకపోతే పడవ ఒక కొత్తపాలెం పోతుంది. జనం ఇంకో కొత్తపాలెంలో ఎదురు చూస్తూ ఉంటారు.

మొదటి కాగితం రాసేది ఎవరు?

ఇక్కడే అక్షరం నేర్చుకున్న అక్కచెల్లెళ్ల పని ఉంది.

హామ్ సాధారణంగా మండలం ఆఫీసులోనో, కలెక్టరు ఆఫీసులోనో కూర్చుంటారు. ప్రతి ఊరికీ రాలేరు. ఊరి నుంచి అక్కడికి ఎవరో ఒకరు కబురు తేవాలి. పడవ మీదో, నడుం లోతు నీళ్లలో నడిచో వస్తారు. నోటిమాటగా తెస్తే దారిలో మాట మారుతుంది. కాగితం మీద రాసి ఇస్తే మారదు.

ఒక ఊరి నుంచి ఇలాంటి చీటీ వచ్చిందనుకోండి:

"మా ఊరు మునిగిపోయింది. చాలామంది ఉన్నాం. చాలా కష్టంగా ఉంది. త్వరగా రండి."

ఇందులో బాధ ఉంది. కానీ ఏ ఊరు? ఎంతమంది? ఏం తేవాలి? ఏ దారిన రావాలి? చదివిన అధికారికి ఏమీ తెలియదు. ఇంకో చీటీ చూడండి:

తేదీ: అక్టోబరు 13. సమయం: ఉదయం 6.30.
ఊరు: (ఊరి పేరు, మండలం, జిల్లా)
ఎక్కడ ఉన్నాం: స్కూలు మేడ మీద.
ఎంతమంది: 240. అందులో పసిపిల్లలు 18.
ప్రాణాపాయం: ఒక గర్భిణికి నొప్పులు మొదలయ్యాయి. ఒకరికి తల మీద దెబ్బ తగిలింది.
కావలసినవి: తాగే నీళ్లు, పాలపొడి, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు.
దారి: కాలవ మీద వంతెన తెగింది. పడవ వస్తుంది.
రాసినవారు: (పేరు, సంఘం పేరు)

రెండో చీటీ చదివితే ఏం పంపాలో తెలుస్తుంది. పడవ పంపాలి. పడవలో నర్సును పంపాలి. నీళ్లు, పాలపొడి వెయ్యాలి. హామ్ ఈ చీటీని రెండు నిమిషాల్లో చదివి వినిపించగలరు. అవతల కలెక్టరు ఆఫీసులో ఉన్న హామ్ రాసుకుని అధికారి చేతికి ఇవ్వగలరు.

ఈ చీటీ రాయడానికి పెద్ద చదువు అక్కర లేదు. అంకెలు తెలిస్తే చాలు. ఊరి పేరు, మండలం పేరు రాయడం వస్తే చాలు. ఇంకో సంగతి. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ ఇంట్లో ముసలమ్మ ఒంటరిగా ఉంది, ఎవరి బిడ్డకు జ్వరం అనే లెక్క ఊళ్లో ఆడవాళ్లకే బాగా తెలుసు. మగవాళ్లు మాత్రమే లెక్క చెబితే ఆ ఇళ్లు కొన్ని జారిపోవచ్చు. కాబట్టి చీటీ రాసేటప్పుడు ఆడవాళ్లు అక్కడ ఉండాలి. వీలైతే వాళ్లే రాయాలి.

హామ్ రేడియో చేయలేనివి

హామ్ రేడియో మంత్రం కాదు. మెరుపులు, ఉరుములు ఉంటే గరగర మంటుంది, మాట సరిగా వినపడదు. గాలి బలంగా ఉంటే ఏరియల్ తీగ తెగుతుంది. బ్యాటరీ అయిపోతే సెట్టు మూగదే. హామ్‌లు అన్ని చోట్లా లేరు కూడా.

అందుకని ఫోను పనిచేస్తుంటే ముందు ఫోనే చేయాలి. ఆపదలో 112 నెంబరుకు చేయవచ్చు. తుఫాను హెచ్చరిక ట్రాన్సిస్టరులో విన్నప్పుడే కదలాలి. ఒకసారి ఉప్పెన వచ్చాక ఏ రేడియో కూడా నీటిని ఆపలేదు. హామ్‌ల పని చాలావరకు తీగలు తెగిన తర్వాత మొదలవుతుంది. షెల్టరుకు వెళ్లే పని దానికన్నా ముందే అయిపోవాలి.

పుకార్ల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. "మళ్లీ ఉప్పెన వస్తోందట", "కట్ట తెగిందట" అని ఎవరో అంటారు. జనం చీకట్లో పరుగులు తీస్తారు. 'అట' అనే మాట చీటీలో రాయకూడదు. కళ్లతో చూసింది రాయాలి. లెక్కపెట్టింది రాయాలి.

హామ్ కావాలంటే

12 ఏళ్లు నిండినవారు ఎవరైనా హామ్ పరీక్ష రాయవచ్చు. ఆడపిల్లలూ రాయవచ్చు. కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖ ఈ పరీక్ష పెడుతుంది. రేడియో రూల్స్ మీద, కరెంటు, రేడియో పనిచేసే తీరు మీద ప్రశ్నలు ఉంటాయి. లైసెన్సు లేకుండా సెట్టు వాడడం నేరం. 1983లో మొదలైన హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ లాంటివి ఈ విద్య నేర్పుతున్నాయి.

పశ్చిమ బెంగాల్‌లో హామ్‌లు గంగాసాగర్ జాతరలో ఏటా సాయం చేస్తారు. తప్పిపోయిన ముసలివాళ్లను ఇళ్లకు చేరుస్తారు. మామూలు రోజుల్లో అలా పని అలవాటైంది కాబట్టే, 2020 మే నెలలో అంఫన్ తుఫాను వచ్చినప్పుడు వాళ్లు తడబడకుండా సాయానికి దిగగలిగారు.

ఊళ్లో పదో తరగతి చదివే ఆడపిల్ల ఉందా? రేడియో విప్పి చూడాలని సరదా పడుతుందా? "ఆడపిల్లకెందుకే" అని ఆపకండి. రేపు ఆ పిల్లే ఊరికి గొంతు కావచ్చు.

చివరి మాట

తుఫానును ఎవరూ ఆపలేరు. మాట తెగకుండా చూసుకోవచ్చు. చీటీ రాసే చెయ్యి, దాన్ని మోసే కాళ్లు, రేడియోలో చదివే గొంతు, అవతల వినే చెవి. ఈ నాలుగూ ఒక గొలుసు. ఒక్క లంకె తెగినా పడవ రాదు. మొదటి లంకె ఊళ్లోనే ఉంది. అక్షరాలు దిద్దిన చేతిలో ఉంది.

ఒక పెన్సిలు, నాలుగు తెల్ల కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టండి. పెన్ను సిరా తడిస్తే చెదురుతుంది, పెన్సిలు చెదరదు. ఆ సంచిని అగ్గిపెట్టె పక్కనే ఉంచండి.

చర్చించండి, రాయండి

1. తుఫానులో సెల్లు ఎందుకు ఆగిపోతుంది? హామ్ రేడియో ఎందుకు పనిచేస్తుంది?

2. మీ ఊరి పేరుతో ఇంకో ఊరు ఉందా? చీటీలో తేడా ఎలా చూపిస్తారు?

3. మీ వీధిలో ఎన్ని ఇళ్లు? ఎంతమంది? పసిపిల్లలు, గర్భిణులు, నడవలేనివాళ్లు ఎంతమంది? లెక్క రాయండి.

4. ఈ రాత్రి తుఫాను వచ్చిందనుకోండి. పైన చూపిన పద్ధతిలో మీ ఊరి నుంచి ఒక చీటీ రాయండి. పక్కనున్న అక్కకు ఇచ్చి చదవమనండి. ఆమెకు అన్నీ అర్థమైతే మీ చీటీ సరిగా ఉన్నట్టే.